షింగ్‌యీ సాధన ఎలా మొదలుపెట్టాలి: నిలబడటం నుంచి ఐదు పిడికిళ్ల దాకా

తై చీ అంటే దాదాపు అందరికీ తెలుసు. తెల్లవారుజామున పార్కుల్లో మెల్లగా చేతులు కదుపుతూ చేసే చైనా సాధన. దానితో పాటు చెప్పుకునేవి ఇంకో రెండు ఉన్నాయి. గుండ్రంగా నడుస్తూ చేసేది బాగ్వా, తిన్నగా ముందుకు చొచ్చుకుపోయేది షింగ్‌యీ. ఈ మూడింటినీ కలిపి నైజియా అంటారు, అంటే అంతర్గత యుద్ధకళలు. వీటిలో ఏది మొదలుపెట్టాలని అడిగినవాళ్లకి నేను షింగ్‌యీనే చెప్తాను. యాంగ్ శైలి తై చీలో పాత పొడవాటి వరసకి 108 భంగిమలని లెక్క. అవి గుర్తుపెట్టుకోవడానికే నెలలు పడుతుంది. ఆ నెలల్లో మనసు ఒంటి మీద ఉండదు, తర్వాతి భంగిమ ఏమిటన్న టెన్షన్ మీదే ఉంటుంది. షింగ్‌యీలో నిలబడే తీరు ఒకటి, దెబ్బలు ఐదు. గుర్తుపెట్టుకునే పని త్వరగా అయిపోతుంది. మిగిలిందంతా చేయడమే.

ఒక మాట ముందే చెప్పాలి. అంతర్గతం అనగానే చీ అనే శక్తిని ఒంట్లో తిప్పి, ఎదుటి మనిషిని తాకకుండానే పడేసే వీడియోలు గుర్తొస్తాయి. వాటిని పక్కన పెట్టండి. షింగ్‌యీలో పట్టుకోవాల్సింది చాలా సాదా విషయం: పాదం నేలను తాకిన క్షణంలోనే చెయ్యి చేరాల్సిన చోటికి చేరాలి. ముందూ కాదు, వెనకా కాదు. చెయ్యి ఒక్కటే కొడితే చేతి బలమే తగులుతుంది, రెండూ కలిస్తే మనిషి బరువంతా తగులుతుంది. కింద చెప్పే నిలబడటం, అడుగులు, పంచభూతాల సిద్ధాంతం అన్నీ ఈ ఒక్క పని కుదరడం కోసమే.

కొంచెం చరిత్ర

సంప్రదాయం ఈ కళను 12వ శతాబ్దపు సోంగ్ రాజవంశపు సేనాని యుయె ఫే పేరు మీద చెబుతుంది. చరిత్రకారులు నమ్మకంగా చూపించే మొదటి మనిషి మాత్రం షాన్షీ ప్రాంతపు జీ జికె, 17వ శతాబ్దం వాడు. అతను ఈటె విద్యలో ఆరితేరినవాడని, ఆ ఈటె పట్టునే ఉత్త చేతుల పోరుకి తీసుకొచ్చాడని చెబుతారు. సాధన చేస్తుంటే ఈ మాట నిజమేనేమో అనిపిస్తుంది. ముందు చెయ్యి దారి చూపిస్తుంది, వెనక చెయ్యి పొట్ట దగ్గర ఉంటుంది, ముక్కు గీత మీద నుంచి పక్కకు జరగదు. ఈటె పట్టుకున్నవాడు నిలబడేదీ అలాగే.

19వ శతాబ్దంలో హెబెయ్ ప్రాంతంలోని షెన్ కౌంటీకి చెందిన లీ లువోనెంగ్ షాన్షీ వెళ్లి, అక్కడి దాయ్ కుటుంబం దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడు. ఈరోజు ప్రపంచంలో ఎక్కువగా కనిపించే షింగ్‌యీ అతని శిష్యులైన గువో యున్షెన్, చె యీజాయ్, లియు చీలాన్, సోంగ్ షిరోంగ్ లాంటివాళ్ల ద్వారా వచ్చిందే. తర్వాతి తరాల్లో సున్ లూతాంగ్ 1915లో షింగ్‌యీ మీద, మరుసటి ఏడాది బాగ్వా మీద, 1921లో తై చీ మీద పుస్తకాలు అచ్చు వేయించాడు. ఈ మూడూ ఒకే గూటివన్న ఆలోచన జనంలో స్థిరపడటానికి ఆ పుస్తకాలే పెద్ద కారణం. నైజియా అన్న మాట వాటికంటే చాలా పాతది. 1669లో హువాంగ్ జోంగ్షీ అనే పండితుడు వాంగ్ జెంగ్నాన్ అనే వీరుడి సమాధి కోసం రాసిన లేఖనంలో షావొలిన్ పద్ధతికి ఎదురుగా ఈ మాట వాడాడు.

మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న, మన దేశం నుంచి చైనా వెళ్లి ఈ విద్యలు నేర్పాడని చెప్పుకునే బౌద్ధ సన్యాసి బోధిధర్ముడి గురించి. షింగ్‌యీ గురువులు స్నాయువులను మార్చడం, మజ్జను కడగడం అంటూ ఆయన పేరు తలచుకున్న మాట నిజమే. కానీ ఆయన రాశాడనే స్నాయువుల గ్రంథం 17వ శతాబ్దానికి ముందు ఎక్కడా కనిపించదు. కాబట్టి మన దేశం నుంచే వెళ్లిన విద్య అని దీన్ని చెప్పుకోవడం సరికాదు. ఇది చైనావాళ్లది, వాళ్ల ఊళ్లలో, వాళ్ల కాపలా బృందాల్లో, వాళ్ల సైన్యంలో పెరిగింది.

చోటు, సమయం

పది, పన్నెండు అడుగులు తిన్నగా వేయగలిగినంత చోటు చాలు. నేల సమంగా ఉండాలి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేయొద్దు. వెనక కాలు నేలను నెట్టాలి కాబట్టి, జారితే మోకాలికి దెబ్బ. పలచటి అడుగున్న బూట్లు వేసుకోండి, లేదా గరుకు నేల అయితే ఉత్త కాళ్లతో చేయండి. నిండు కడుపుతో వద్దు. రోజూ అరగంట చేసేవాళ్లు ఆదివారం మాత్రమే మూడు గంటలు చేసేవాళ్ల కంటే చాలా ముందుకు వెళ్తారు. ఈ విద్యలో ఇది నేను చాలామందిలో చూశాను.

మొదలుపెట్టే ముందు చీలమండలు, మోకాళ్లు, తుంటి, భుజాలు ఐదు నిమిషాలు తిప్పుకోండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మొదటి మెట్టు: సాన్ టీ షీ

ఇది నిలబడే భంగిమ. ఆకాశం, భూమి, మనిషి అనే మూడింటిని తలచుకుని దీనికా పేరు పెట్టారు. పద్ధతులన్నీ దీనిలోంచే పుడతాయని షింగ్‌యీ వాళ్లు అంటారు. అదేం పొగడ్త కాదు. ఐదు దెబ్బల్లో ఏది చేసినా కాళ్లూ నడుమూ తిరిగి ఈ తీరుకే రావాలి. అందుకే దీని మీద ఎక్కువ సేపు ఆగుదాం.

మడమలు కలిపి నిలబడండి. ఎడమ పాదం తిన్నగా ముందుకు, కుడి పాదం 45 డిగ్రీలు బయటికి ఉండాలి. మోకాళ్లు వంచి, ఎత్తు పీట మీద కూర్చోబోతున్నట్టు కొంచెం కిందికి దిగండి. నడుము విల్లులా వెనక్కి వంగకూడదు, పిరుదులు వెనక్కి పొడుచుకు రాకూడదు. రెండు చేతులూ పిడికిళ్లు చేసి, అరచేతి వైపు పైకి ఉండేలా బొడ్డు పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు కుడి పిడికిలి ఛాతీ మధ్యగా పైకి వెళ్లి, నోటి ముందు నుంచి బయటికి, ముక్కు ఎత్తుకి చేరాలి. వెళ్తూ వెళ్తూ మెలి తిరగాలి, చివరికి చిటికెన వేలు వైపు పైకి రావాలి. ఎడమ పిడికిలి కుడి మోచేతి దగ్గరికి వస్తుంది. తర్వాత ఎడమ పాదం ముందుకు వేస్తూ, ఎడమ చెయ్యి కుడి ముంజేతి మీదుగా ముందుకు జరగాలి. రెండు చేతులూ ఒకదాన్నొకటి దాటేటప్పుడు పిడికిళ్లు విచ్చుకుంటాయి. ఎడమ అరచెయ్యి ముందుకు నొక్కుతుంది, కుడి చెయ్యి కిందికి లాగి బొడ్డు దగ్గర ఆగుతుంది. అక్కడ ఆగండి. అదే సాన్ టీ షీ.

ఇక పై నుంచి కింద దాకా చూసుకోవాలి. పెద్ద అద్దం ఉంటే మంచిది, లేకపోతే పక్క నుంచి ఎవరినైనా ఫోన్‌లో ఫోటో తీయమనండి.

పాదాలతో మొదలుపెట్టండి. ముందు పాదం లోపలి అంచు వెంబడి వెనక్కి గీత గీస్తే అది వెనక మడమను తాకాలి. ముందు మడమకీ వెనక పాదానికీ మధ్య దూరం సుమారు మీ పాదం పొడవుకి ఒకటిన్నర రెట్లు. బరువు వెనక కాలి మీద 60 నుంచి 70 శాతం. ఇది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు పాదాన్ని నేల నుంచి కాస్త లేపి చూడండి. మొండెం కదలకుండా లేస్తే సరిపోయింది. లేపడానికి ఒళ్లు వెనక్కి ఊగాల్సి వస్తే అడుగు మరీ పొడవైందని అర్థం, దగ్గరికి తీసుకోండి.

వెనక మోకాలు వెనక పాదం వేళ్లు చూసే వైపే చూడాలి. మోకాళ్ల నొప్పి మొదలయ్యేది ఇక్కడే. పాదం 45 డిగ్రీలు బయటికి ఉంటుంది, మోకాలు మాత్రం ముందుకు వాలిపోతుంది, మధ్యలో కీలు మెలిపడుతుంది. తొడ వణకడం మామూలే, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మోకాలి లోపలి వైపు గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ క్షణమే లేచి నిలబడండి. ఓర్చుకుంటే వచ్చేది ఏమీ లేదు. కొంచెం పై ఎత్తులో నిలబడి మళ్లీ చేయండి.

ముందు చెయ్యి భుజానికీ నోటికీ మధ్య ఎత్తులో ఉండాలి. మోచెయ్యి పూర్తిగా చాచకుండా, దాని మొన నేల వైపు చూస్తూ ఉండాలి. చూపుడు వేలు కాస్త పైకి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చోటు గుండ్రంగా. వెనక చెయ్యి అరచేతి వైపు కిందికి, బొటనవేలి మొదలు బొడ్డు కింద ఆనుకుని ఉంటుంది. ముక్కు కొన, ముందు చేతి వేలి కొన, ముందు పాదం కొన, ఈ మూడూ ఒకే నిలువు గీతలోకి రావాలి. మూడు కొనలు కలవడం అని దీన్నే అంటారు. చూపు చూపుడు వేలి మీదుగా దూరంగా ఉండాలి.

భుజాలు కిందికి జారనివ్వండి. ఛాతీ విరుచుకోవద్దు. తలను నడినెత్తి దగ్గర పట్టి ఎవరో పైకి లాగుతున్నట్టు మెడ నిలపండి, గడ్డం కొంచెం లోపలికి. నాలుక కొన అంగిలికి తాకించండి. ఊపిరి ముక్కుతోనే, పొత్తికడుపు కదిలేలా. బొడ్డు కింద నాలుగు వేళ్ల దూరంలో ఉండే దాన్‌టియెన్ గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది. మొదట్లో అక్కడ వెచ్చదనాన్ని ఊహించుకునే ప్రయత్నం చేయొద్దు. పొట్ట బిగపట్టకుండా ఊపిరి అక్కడిదాకా వెళ్తోందా అన్నది చూసుకుంటే చాలు.

మొదటి వారం ఒక్కో వైపు రెండు నిమిషాలు. తర్వాత వారానికో అర నిమిషం పెంచుకుంటూ పోండి. ఒక్కో వైపు ఎనిమిది, పది నిమిషాలు నిలబడగలిగితే మిగతా సాధనకి కాళ్లు తయారైనట్టే. ఎడమ ముందు పెట్టి ఎంతసేపు చేశారో, కుడి ముందు పెట్టి అంతసేపు తప్పకుండా చేయాలి.

ఆరు కూడికలు

ఇప్పుడు కొంచెం సిద్ధాంతం, నిలబడి ఉండగానే వాడుకునేది. షింగ్‌యీలో లియు హె అంటారు. మూడు బయటివి: భుజం తుంటితో, మోచెయ్యి మోకాలితో, చెయ్యి పాదంతో కలవాలి. మూడు లోపలివి: మనసు సంకల్పంతో, సంకల్పం చీతో, చీ బలంతో కలవాలి.

బయటి మూడూ కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి. ఎడమ భుజం ఎడమ తుంటి కంటే ముందుకు వాలిపోయిందా, మోచెయ్యి మోకాలికి పైగా ఉందా, బయటికి తెరుచుకుందా చూడండి. సాయానికి మనిషి ఉంటే మీ ముందు అరచేతి మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా మీ వెనక పాదం వైపు నెట్టమనండి. కూడిక సరిగ్గా ఉంటే ఆ ఒత్తిడి చేతి నుంచి వీపులోకి, తుంటిలోకి దిగి వెనక మడమ కింద నేల గట్టిగా తెలుస్తుంది. చేతికి పెద్దగా శ్రమ ఉండదు. సరిగ్గా లేకపోతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. భుజం పైకి లేస్తుంది, లేదా నడుము వెనక్కి విరుగుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడే సరిచేసుకోవాలి. రోడ్డు మీద ఆగిపోయిన కారుని నెట్టేటప్పుడు ఎవరూ చేతులతో పొడవరు. చేతులు ఒక తీరులో నిలిపి కాళ్లతో నెడతారు. షింగ్‌యీ అడిగేది కూడా అదే, కాకపోతే ఒక్క క్షణంలో అయిపోవాలి.

లోపలి మూడింటి గురించి నా అభిప్రాయం ఇది. సంకల్పం అంటే చెయ్యి ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోవడం. ఎదురుగా గోడ మీద ఒక చుక్క పెట్టుకుని, చూపు అక్కడ నిలిపి కదిలితే కదలిక మారిపోతుంది, చేసి చూడండి. చీని ఊపిరిగా, ఒంటి సడలింపుగా తీసుకుంటే మొదటి రెండేళ్లకి సరిపోతుంది.

అడుగు

చేతులు నడుము మీద పెట్టుకుని ముందు కాళ్లు ఒక్కటే సాధన చేయండి. ఎడమ ముందు సాన్ టీ షీలో నిలబడి, వెనక కాలితో నేలను నెట్టండి. ఆ నెట్టుడుకి ముందు పాదం ఒక పాదం పొడవు ముందుకు వెళ్తుంది, వెంటనే వెనక పాదం అంతే దూరం దాని వెంట వస్తుంది. దీన్నే వెంబడించే అడుగు అంటారు. ముందు పాదం చాచి, తర్వాత బరువు దాని మీదికి లాక్కోవడం కాదు. నెట్టుడు వెనక నుంచే రావాలి. తల ఎత్తు మారకూడదు. పక్కన కిటికీ అంచు లాంటిదేదైనా ఉంటే చూపుకి ఆనవాలుగా పెట్టుకోండి. అడుగడుక్కీ ఆ అంచు పైకీ కిందికీ ఊగుతుంటే మోకాళ్లు లేస్తున్నాయని అర్థం.

పీ: గొడ్డలి దెబ్బ

ఐదింటిలో మొదటిది. చైనావాళ్ల పంచభూతాల్లో లోహం, ఆయుధాల్లో గొడ్డలి దీనికి గుర్తు. సాన్ టీ షీలోకి ఎలా వెళ్లారో గుర్తుందిగా, పీ కూడా అదే కదలిక, నడుస్తూ చేస్తారు.

ఎడమ ముందు సాన్ టీ షీ. మొదట, రెండు చేతులూ ఏదో పట్టుకుని లాగినట్టు పిడికిళ్లు బిగుస్తూ బొడ్డు దగ్గరికి వస్తాయి. ఊపిరి లోపలికి. రెండోది, ఎడమ పిడికిలి ఛాతీ మధ్యగా లేచి ముక్కు ఎత్తుకి మెలి తిరుగుతూ బయటికి వెళ్తుంది. అదే క్షణంలో ఎడమ పాదం అర అడుగు ముందుకు పడుతుంది, వేళ్లు 45 డిగ్రీలు బయటికి. కుడి పాదం ఎడమ చీలమండ పక్కకు వస్తుంది. మూడోది, కుడి పాదం నిండు అడుగు ముందుకు, కుడి చెయ్యి ఎడమ ముంజేతి మీదుగా వెళ్లి విచ్చుకుని ముందుకూ కిందికీ పడుతుంది. ఎడమ చెయ్యి లాగుతూ బొడ్డు దగ్గరికి వస్తుంది. ఎడమ పాదం అర అడుగు వెంట వచ్చి ఆగుతుంది. ఊపిరి బయటికి. ఇప్పుడు మీరు కుడి ముందు సాన్ టీ షీలో ఉన్నారు. ఇదే ఇటు వైపు నుంచి మళ్లీ.

చివర వెనక్కి తిరగాలి. కుడి పాదం ముందుంటే దాని వేళ్లు లోపలికి తిప్పి, ఎడమ వైపుగా వెనక్కి తిరగండి. చేతులు బొడ్డు దగ్గరికి వస్తాయి. బరువు కుడి కాలి మీద ఉంటుంది కాబట్టి ఎడమ పిడికిలి, ఎడమ అడుగుతో మళ్లీ మొదలు.

పీలో చెవి వాడండి. పాదం పడిన చప్పుడూ, చెయ్యి ఆగినప్పుడు చొక్కా చేతి గుడ్డ చేసే చప్పుడూ ఒకటిగా వినిపించాలి. టప్, తర్వాత టక్ అని విడివిడిగా వినిపిస్తే కాలు ముందు దిగిపోయింది, చెయ్యి తర్వాత వచ్చింది. కొత్తవాళ్లలో దాదాపు అందరికీ ఇలాగే అవుతుంది. దాన్ని సరిచేయడానికి చెయ్యి వేగం పెంచుతారు, అప్పుడు భుజం బిగుసుకుంటుంది. చేయాల్సింది ఇంకోటి ఉంది. కాలు వేగం తగ్గించండి. మొత్తం కదలికను సగం వేగానికి దించి, చివరి బెత్తెడు దూరంలో పాదమూ అరచెయ్యీ ఎదురుచూసుకుని కలిసి దిగేలా చేయండి. కుదిరాక వేగం దానంతటదే వస్తుంది.

ఇంకొకటి, చెయ్యి కిందికి పడేటప్పుడు గాల్లో చరచొద్దు. ఎదుటివాడి ముంజెయ్యి మీద మీ అరచెయ్యి ఉందనుకోండి. దాన్ని అతని ఒంటి వైపుకే ముందుకు నొక్కుతూ దించాలి. ఉత్తగా కిందికే పోతే దెబ్బ నేలకి పోతుంది.

మొదటి మూడు నెలలు సాన్ టీ షీ, పీ తప్ప ఇంకేమీ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. విసుగొస్తుంది. కానీ మిగతా నాలుగింటికీ కావాల్సిన లేవడం, మెలి తిరగడం, పడటం, తిరగబడటం అన్నీ పీలోనే ఉన్నాయి.

బెంగ్: బాణం

పీ తర్వాత కొన్ని పరంపరల్లో జ్వాన్ నేర్పుతారు, కొన్నింటిలో బెంగ్. నేను బెంగ్ వైపే. చేతి పని తక్కువ కాబట్టి నెట్టుడు ఎలా ఉందో దాచుకోవడానికి వీలుండదు.

ఎడమ పాదం ముందు, చివరి దాకా ఎడమే ముందు. కుడి పిడికిలి కుడి డొక్క పక్కన. వెనక కాలు నెట్టగానే ఎడమ పాదం ముందుకు, కుడి పిడికిలి తిన్నగా ముందుకు వెళ్తుంది, గుండె గుంట ఎత్తులో. పిడికిలి నిలువుగా, బొటనవేలు వైపు పైకి ఉంటుంది. వెళ్లేటప్పుడు మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ వెళ్లాలి. ఎడమ పిడికిలి అంతే వేగంతో వెనక్కి, ఎడమ డొక్క దగ్గరికి. వెనక పాదం దగ్గరగా వచ్చి ముందు మడమకి జానెడు వెనక ఆగుతుంది. తర్వాతి అడుగుకి ఎడమ పిడికిలి. అలా ఒకటి తర్వాత ఒకటి.

గువో యున్షెన్ అర అడుగు బెంగ్‌తో లోకమంతా గెలిచాడని నానుడి. ఒక మనిషిని చంపి జైలుకి వెళ్లాడని, కాళ్లకి సంకెళ్లుండటం వల్ల నిండు అడుగు పడక ఆ అర అడుగు దెబ్బకి పదును పెట్టాడని కథ. కథలో నిజమెంతైనా, అందులో ఒక పని ఉంది. నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి, మధ్యలో ఒక పాదం పొడవు చోటే వదిలి, ఆ దూరంలోనే బెంగ్ కొట్టండి. పరిగెత్తుకొచ్చే ఊపు ఉండదు కాబట్టి కాలి నుంచి పిడికిలి దాకా ఎక్కడ తెగిపోతోందో వెంటనే తెలుస్తుంది.

మిగిలిన మూడు

జ్వాన్ నీరు. ఒక చెయ్యి ఎదుటి చేతిని కిందికి అదుముతుంటే, ఇంకో పిడికిలి దాని మీదుగా ముక్కు ఎత్తుకి మెలి తిరుగుతూ లేస్తుంది. అడుగులు పీ లాగే. పావ్ నిప్పు, ఫిరంగి దానికి గుర్తు. ఒక ముంజెయ్యి మెలి తిరుగుతూ కణత దాకా లేస్తుంది, రెండో పిడికిలి ఛాతీ ఎత్తులో బయటికి పేలుతుంది. ఇక్కడ నడక తిన్నగా ఉండదు, 45 డిగ్రీల కోణంలో అటూ ఇటూ వంకరగా సాగుతుంది. హెంగ్ భూమి. ఇదీ వంకర నడకే. వెనక పిడికిలి ముందు మోచేతి కింద నుంచి మెలి తిరుగుతూ బయటికి వస్తుంది, తిన్నగా వచ్చే దాన్ని పక్కకు తోసేయడానికి. చూడటానికి తేలిక, చేయడానికి ఐదింటిలోనూ కష్టం హెంగ్. పక్కకు తోసే బలం చేతిలో కనిపించకూడదు, నడుము తిరగడంలోంచి రావాలి. అందుకే అది చివర్లో.

పంచభూతాల లెక్క

ఇవి మన పంచభూతాలు కావు. చైనా లెక్కలో లోహం, నీరు, కర్ర, నిప్పు, భూమి. లోహం నీటిని పుట్టిస్తుంది, నీరు కర్రను, కర్ర నిప్పును, నిప్పు భూమిని, భూమి మళ్లీ లోహాన్ని. ఈ వరసలో పీ, జ్వాన్, బెంగ్, పావ్, హెంగ్ చేస్తే ఒక దెబ్బ ఆగిన చోటు నుంచే తర్వాతిది మొదలవుతుంది. పీలో కిందికి దిగిన చెయ్యి జ్వాన్‌లో లేవడానికి సిద్ధంగా ఉంటుంది. అలా చూస్తే ఇది గుర్తుపెట్టుకోవడానికి మంచి పద్ధతి.

అణచే వరస పోరుకి సంబంధించింది. లోహం కర్రను నరుకుతుంది: ఛాతీ మీదికి తిన్నగా వచ్చే బెంగ్‌ను పీ పై నుంచి అణచేస్తుంది. కర్ర భూమిని చీల్చుతుంది: పక్కకు తోయబోయే హెంగ్ మధ్యలోంచి బెంగ్ దూసుకుపోతుంది. భూమి నీటిని ఆపుతుంది: పైకి లేచే జ్వాన్‌ను హెంగ్ పక్కకు నెడుతుంది. నీరు నిప్పును ఆర్పుతుంది, అంటే పావ్ మీద జ్వాన్. నిప్పు లోహాన్ని కరిగిస్తుంది: పై నుంచి పడే పీని పావ్ ముంజెయ్యి లేపేసి, కింద ఖాళీ అయిన చోట కొడుతుంది.

పీ ఊపిరితిత్తులకి, జ్వాన్ మూత్రపిండాలకి, బెంగ్ కాలేయానికి, పావ్ గుండెకి, హెంగ్ ప్లీహానికి మంచిదని కూడా ఈ లెక్కలోనే చెబుతారు. అది చైనా వైద్య సంప్రదాయం, గౌరవంతో తెలుసుకోండి. కానీ కాలేయానికి జబ్బు ఉంటే బెంగ్ కొట్టడం మందు కాదు.

మూడు రకాల బలం

గువో యున్షెన్ మాటలుగా సున్ లూతాంగ్ రాసిపెట్టిన వాటిలో బాగా ప్రసిద్ధమైనది మూడు మెట్ల లెక్క: మింగ్ జిన్, ఆన్ జిన్, హువా జిన్. మింగ్ జిన్ అంటే బయటికి కనిపించే బలం. కదలిక చాచినట్టు, స్పష్టంగా, పాదం చెయ్యి ఒకేసారి. ఆన్ జిన్‌లో అదే బలం లోపలికి పోతుంది, పాదం చప్పుడు తగ్గుతుంది, ఒళ్లు మెత్తబడుతుంది. హువా జిన్‌లో ఆకారం మీద ధ్యాసే ఉండదని చెబుతారు.

చదివినవాళ్లకి నేరుగా రెండో మెట్టుకి వెళ్లాలనిపిస్తుంది, మెత్తగా చేయడమే అంతర్గతం అని నమ్మి. అలా చేసేవాళ్ల షింగ్‌యీలో మెత్తదనం మాత్రమే మిగులుతుంది. మింగ్ జిన్‌లో ఏళ్లుండటానికి సిగ్గుపడక్కర్లేదు. పాదమూ చెయ్యీ కచ్చితంగా కలిసే దాకా చప్పుడు రానివ్వండి. అది కుదిరాకే తగ్గించండి.

ఇద్దరితో చేసేటప్పుడు

ఒంటరిగా ఎంత చేసినా దూరం అంచనా రాదు. పీ, బెంగ్ వచ్చాక ఇద్దరు కలిసి ఇది చేయండి. ఒకరు అడుగు వేస్తూ మెల్లగా బెంగ్ కొడతారు, ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగేలా. రెండోవారు వెనక అడుగు వేస్తూ పీతో ఆ ముంజేతిని అదిమి, అదే ఊపులో ముందుకు అడుగేసి తన బెంగ్ కొడతారు. ఇప్పుడు మొదటివారు పీతో అదమాలి. అలా ముందుకూ వెనక్కీ వెళ్తుంటే మీ పీ నిజంగా అణచుతోందా, గాలిలో ఊగుతోందా అన్నది ఎదుటివారి చేతి మీదే తేలిపోతుంది. సంప్రదాయంలో ఆన్‌షెన్ పావ్ లాంటి జంట వరసలు దీనికోసమే ఉన్నాయి, గురువు దగ్గరే నేర్చుకోవాలి. అలాగే డ్రాగన్, పులి, కోతి, గుర్రం మొదలుకొని డేగ, ఎలుగు దాకా హెబెయ్ పరంపరలో పన్నెండు జంతువులున్నాయి. ఐదు పిడికిళ్లు రాకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

గురువుని వెతుక్కునేటప్పుడు మొదటి క్లాసులోనే చూడగలిగింది ఒకటుంది. మిమ్మల్ని సాన్ టీ షీలో నిలబెట్టి, మీ చుట్టూ తిరిగి, మోచెయ్యీ మోకాలూ చేత్తో సరిచేసి, మీ అరచేతిని నెట్టి చూస్తున్నారా? అలా చేసేవాళ్ల దగ్గర చేరండి. మొదటి రోజే పన్నెండు జంతువుల వీడియో చూపించి ఫీజు చెప్పేవాళ్ల దగ్గర వద్దు. దగ్గరలో ఎవరూ లేకపోతే నెలకోసారి ముందు నుంచి, పక్క నుంచి మీ పీని ఫోన్‌లో తీసి స్లో మోషన్‌లో చూసుకోండి. పాదం దిగిన ఫ్రేమ్ దగ్గర ఆపి, ఆ ఫ్రేమ్‌లో చెయ్యి ఎక్కడుందో చూడండి. చెయ్యి ఇంకా దారిలోనే ఉంటే ఆ నెల కూడా పీనే.